కోన్రాడ్ డూడెన్: జర్మన్ స్పెల్లింగును ఒక దారికి తెచ్చిన చిన్న ఊరి హెడ్‌మాస్టరు

1880 జులై 7న లైప్‌జిగ్‌లోని బిబ్లియోగ్రాఫిషెస్ ఇన్‌స్టిట్యూట్ అనే ప్రచురణ సంస్థ ఒక నిఘంటువు విడుదల చేసింది. 187 పేజీలు, సుమారు 27,000 మాటలు, వెల ఒక మార్కు. అర్థాల జోలికి అది పెద్దగా వెళ్లదు. ఏ మాటను ఏ అక్షరాలతో రాయాలో చెప్పడం వరకే దాని పని. రాసినాయన యూనివర్సిటీ ప్రొఫెసరు కాదు. జర్మనీ సంస్థానాల్లో పెద్దదైన ప్రష్యా రాజ్యంలో, ఫుల్డా నది ఒడ్డున ఉన్న హెర్స్‌ఫెల్డ్ అనే చిన్న ఊళ్లో గిమ్నాజియుంకు హెడ్‌మాస్టరు. పేరు కోన్రాడ్ డూడెన్.

ఆయన గురించి మూడు మాటలు తరచూ వినిపిస్తాయి. జర్మన్ స్పెల్లింగు నియమాలు ఆయనే తయారుచేశాడని, ఆ పని ప్రభుత్వమే ఆయనకు అప్పగించిందని, పుస్తకానికి మొదటి రోజు నుంచీ చట్టబలం ఉందని. మూడూ తప్పే. 1880 నాటి నియమాలు ప్రధానంగా వేరేవాళ్లు రాసినవి. నిఘంటువు వేయమని ఏ మంత్రీ ఆయన్ను అడగలేదు. జర్మనీలో ఆ పుస్తకానికి అధికారిక హోదా వచ్చేసరికి ఆయన పోయి 44 ఏళ్లు గడిచాయి. మరి అంత పలుకుబడి ఎక్కడిది? 19వ శతాబ్దపు జర్మన్ హెడ్‌మాస్టరు చేతిలో ఏ పనులు ఉండేవో, ఏ దారులు తెరిచి ఉండేవో తెలిస్తే తప్ప ఆ సంగతి అర్థం కాదు.

గిమ్నాజియుం లోపల

గిమ్నాజియుం అంటే వ్యాయామశాల అనుకోకూడదు. యూనివర్సిటీకి పిల్లలను తయారుచేసే హైస్కూలు అది. పదేళ్ల వయసులో చేరితే తొమ్మిదేళ్ల చదువు. తరగతులను కిందనుంచి పైకి లెక్కపెట్టడం మనకు అలవాటు. అక్కడ తిరగేసి లెక్కపెట్టేవారు. చేరగానే ‘సెక్స్టా’, అంటే ఆరో తరగతి. తరవాత క్వింటా, క్వార్టా. ఆ పైన టెర్ట్సియా, సెకుండా, ప్రీమా ఒక్కోటీ రెండేసి ఏళ్లు, మొదటి ఏడాది ‘కింది’, రెండో ఏడాది ‘పై’. చివరి ఏడాది పైప్రీమా. అది గట్టెక్కితే ‘ఆబిటూర్’ పరీక్ష. ప్రష్యాలో ఈ పరీక్ష 1788లో మొదలైంది. 1834 నాటికి అది లేనిదే యూనివర్సిటీలో అడుగుపెట్టలేని స్థితి వచ్చింది.

చేరిన పిల్లలందరూ పైదాకా చదివేవారు కాదు. ఆరేళ్ల చదువు పూర్తయి, కింది సెకుండా గట్టెక్కినవాడికి సైన్యంలో నిర్బంధ సేవ మూడేళ్లకు బదులు ఏడాదితో సరిపోయేది. ఖర్చులు మాత్రం సొంతంగా పెట్టుకోవాలి. ఆ సర్టిఫికెట్టు కోసమే బడికి వచ్చి, అది చేతికి రాగానే వ్యాపారంలోకో ఉద్యోగంలోకో వెళ్లిపోయేవాళ్లు ఎందరో. తల్లిదండ్రులకు హెడ్‌మాస్టరు సంతకం విలువ తెలిసింది ఇక్కడే.

బడిలో ఏం చెప్పేవారో చూస్తే డూడెన్ ఇబ్బంది ఇంకా స్పష్టమవుతుంది. 1882 నాటి ప్రష్యా పాఠ్యప్రణాళికలో వారానికి ఎన్ని పీరియడ్లో తొమ్మిది తరగతులకూ కలిపి లెక్క వేస్తే లాటిన్‌కు 77, గ్రీకుకు 40. మాతృభాష జర్మన్‌కు 21. అంటే ఒక్కో తరగతిలో లాటిన్ వారానికి ఎనిమిది తొమ్మిది పీరియడ్లు, జర్మన్ రెండు మూడు. ఆ రెండు మూడింటిలోనే వ్యాసరచన, సాహిత్యం, వ్యాకరణం, స్పెల్లింగు అన్నీ నడవాలి. లాటిన్ స్పెల్లింగు మీద పేచీ లేదు. అది ఎప్పుడో స్థిరపడింది. జర్మన్ మాటకొస్తే ఒకే బడిలో ఇద్దరు అయ్యవార్లు ఒకే మాటను రెండు రకాలుగా రాయించేవారు. కింది తరగతిలో ఒప్పని టిక్కు పడ్డ మాటకు పై తరగతిలో ఎర్ర సిరా గీత పడేది.

హెడ్‌మాస్టరు కుర్చీ దాకా

ఆ కాలంలో ఈ ఉద్యోగానికి మెట్లు ఖరారై ఉండేవి. ఆబిటూర్, యూనివర్సిటీలో సాధారణంగా గ్రీకు-లాటిన్ చదువు, ఆ పైన రాష్ట్ర పరీక్ష. 1810లో ప్రష్యా పెట్టిన ఈ పరీక్షతో హైస్కూలు టీచరు ఉద్యోగం మతగురువుల చేతుల నుంచి విడివడి ప్రత్యేక వృత్తి అయింది. అంతకుముందు చర్చిలో పోస్టు ఖాళీ అయ్యేదాకా బడిలో కాలక్షేపం చేసేవాళ్లు చాలామంది. పరీక్ష నెగ్గినవాడికి ఏ సబ్జెక్టును ఏ తరగతి వరకు చెప్పవచ్చో సర్టిఫికెట్టులో రాసి ఇచ్చేవారు. 1826 నుంచి దాని తరవాత ఏడాది ప్రొబేషన్ వచ్చి చేరింది. అప్పటికీ వెంటనే పోస్టు దొరుకుతుందన్న నమ్మకం లేదు. దొరికేదాకా సహాయ ఉపాధ్యాయుడిగానో, డబ్బున్నవాళ్ల ఇళ్లలో ప్రైవేటు మాస్టరుగానో నెట్టుకురావాలి.

డూడెన్ ఆ మెట్లన్నీ ఎక్కాడు గానీ వరసగా ఎక్కలేదు. 1829 జనవరి 3న రైన్ నది దిగువన, వేజెల్ పట్టణం పక్కనున్న బోసిగ్ట్ అనే ఎస్టేటులో పుట్టాడు. 1846లో వేజెల్ గిమ్నాజియుంలో ఆబిటూర్ అయింది. బాన్ యూనివర్సిటీలో చరిత్ర, జర్మన్, ప్రాచీన భాషలు మొదలుపెట్టాడు. 1848లో రాజుల పాలన మీద జర్మనీ అంతటా విప్లవం లేచింది. విద్యార్థుల ప్రదర్శనల్లో ఆయనా నడిచాడు. నాలుగు సెమిస్టర్లకే చదువు ఆపి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ఇంట్లో ప్రైవేటు మాస్టరుగా చేరాడు. 1854లో తిరిగొచ్చి రాష్ట్ర పరీక్ష రాశాడు. అదే ఏడాది ప్రాచీన గ్రీకు కవి సోఫోక్లిస్ నాటకం ‘ఆంటిగొని’ మీద వ్యాసానికి మార్బుర్గ్ యూనివర్సిటీ డాక్టరేటు ఇచ్చింది. వెస్ట్‌ఫాలియాలోని జోస్ట్ పట్టణంలో ప్రొబేషన్‌లో చేరి, అదీ పూర్తి చేయకుండానే ఇటలీలోని జెనోవాకు వెళ్లిపోయాడు. అక్కడా ప్రైవేటు మాస్టరు పనే.

1859లో జోస్ట్‌కు మళ్లీ వచ్చి అర్కీగిమ్నాజియుంలో కుదురుకున్నాడు. 1534 నుంచీ నడుస్తున్న బడి అది. మెస్సీనాలో ఉన్న జర్మన్ కాన్సులు కూతురు అడెలీనెతో 1861లో పెళ్లయింది. ఆరుగురు పిల్లలు. వారిలో పౌల్ అనే కొడుకు రసాయన శాస్త్రం చదివి, రంగుల తయారీలో పేరున్న హోక్స్ట్ కంపెనీలో పెద్ద హోదాకు చేరాడు. తండ్రి జీవితమంతా నడిపిన గ్రీకు-లాటిన్ బడికీ, కొడుకు వెళ్లిన కొత్త పరిశ్రమకూ మధ్య ఉన్న దూరమే ఆ దశాబ్దాల్లో జర్మన్ విద్యావిధానం మీద నడిచిన అసలు గొడవ. 1900లో ప్రష్యా రాజు ఉత్తర్వు ఆధునిక భాషలు, సైన్సు చెప్పే తొమ్మిదేళ్ల హైస్కూళ్లకు గిమ్నాజియుంతో సమాన హోదా ఇచ్చాకే ఆ గొడవ కొంత చల్లబడింది.

1869లో, నలభయ్యో ఏట, డూడెన్‌కు హెడ్‌మాస్టరు పోస్టు వచ్చింది. ఊరు ష్లైట్స్. తురింగియా కొండల్లో, రోయ్స్ అనే బుల్లి సంస్థానంలో ఉంది.

ష్లైట్స్‌లో ఎదురైన చిక్కు

ష్లైట్స్ చుట్టూ మూడు యాసలు కలుస్తాయి: తురింగియావాళ్లది, సాక్సనీవాళ్లది, ఫ్రాంకోనియావాళ్లది. అక్కడి పిల్లల నోట ‘ప’కూ ‘బ’కూ, ‘ట’కూ ‘డ’కూ తేడా చెరిగిపోతుంది. నోరు గుండ్రంగా చేసి పలకాల్సిన కొన్ని అచ్చులు మామూలు ‘ఎ’, ‘ఇ’లుగా మారిపోతాయి. చెవికి తేడా తెలియనివాడికి రాతలో తేడా నేర్పడం ఎంత కష్టమో భాష చెప్పేవాళ్లకు తెలుసు.

యాస ఒక్కటే అయితే అయ్యవార్లు సర్దుకునేవారు. రాతే స్థిరంగా లేదు. తెలుగులో దీర్ఘం పలికితే దీర్ఘం రాస్తాం, చిక్కు లేదు. జర్మన్‌లో ‘ఆ’ అనే ఒక్క దీర్ఘాన్నే చూడండి. పెద్ద గదిని ‘జాల్’ అంటారు, అందులో ‘ఎ’ (a) అనే అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు. సంఖ్యను ‘త్సాల్’ అంటారు, అందులో ‘ఎ’ తరవాత పలకని ‘హెచ్’ వస్తుంది. లోయను ‘టాల్’ అంటారు, అప్పటి రాతలో ‘హెచ్’ అచ్చు తరవాత కాకుండా ముందున్న ‘టీ’ పక్కన కూర్చునేది. మూడు మాటల్లో ఒకే దీర్ఘం, రాతలు మాత్రం మూడు. మాట చివర ‘డ’ ఉన్నా నోటికి ‘ట’గానే వస్తుంది కాబట్టి రొట్టెను ‘బ్రోట్’ అని పలికి, చివర ‘డీ’ రాసేవాళ్లు కొందరు, ‘టీ’ రాసేవాళ్లు కొందరు. లాటిన్ నుంచి వచ్చిన మాటల్లో ‘సీ’ ఉంచాలా, ‘కే’, ‘జెడ్’లుగా మార్చాలా అన్నది ఇంకో పేచీ.

పండితుల్లో అప్పటికే రెండు పక్షాలు. యాకోబ్ గ్రిమ్ బాటలో నడిచేవారు మాట పుట్టుపూర్వోత్తరాలు చూసి రాయాలన్నారు. ఎర్లాంగెన్ ప్రొఫెసరు రూడోల్ఫ్ ఫాన్ రౌమర్ పక్షం ఉచ్చారణనే ఆధారంగా తీసుకోవాలంది. డూడెన్ రౌమర్ వైపు చేరాడు. కారణం సిద్ధాంతం మీద మోజు కన్నా తరగతి గది. పాత జర్మన్ తెలియని పన్నెండేళ్ల పిల్లవాడికి మాట చరిత్ర చూసి రాయమంటే ఏం రాస్తాడు? పల్లె బడిలో చదివే పిల్లలకు, పై చదువుకు పోనివారికి అది మరీ అన్యాయం. ఈ ధోరణి డూడెన్ రాతల్లో మొదటి నుంచీ కనిపిస్తుంది.

అయితే ‘పలికినట్టు రాయి’ అనగానే ఎవరు పలికినట్టు అన్న ప్రశ్న వస్తుంది. ష్లైట్స్ పిల్లవాడు తను పలికినట్టు రాస్తే సగం మాటలు తప్పుతాయి. కాబట్టి ముందు చదువుకున్నవాళ్ల ఉమ్మడి ఉచ్చారణను నేర్పాలి, దాని మీద రాతను నిలపాలి, అప్పటికీ చిక్కుపడే మాటలకు ఒక జాబితా ఇవ్వాలి. నియమాలు ఒక్కటే చాలవు, మాటల పట్టిక తప్పనిసరి అన్న ఆలోచనకు వేరు ఇక్కడుంది. తరవాతి నిఘంటువు అంతా ఆ పట్టిక పెరిగి పెద్దదైనదే.

హెడ్‌మాస్టరుగా ఆయన చేతిలో రెండు సాధనాలు ఉన్నాయి. మొదటిది ఉపాధ్యాయుల సమావేశం. అక్కడ ఒక నిర్ణయం జరిగితే బడిలో ప్రతి ఒక్కరూ పాటించాలి. ఎర్ర సిరా అందరిదీ ఒకే రకంగా పడుతుంది. రెండోది బడి వార్షిక నివేదిక. ఆ రోజుల్లో దీని బలం మనం ఊహించలేం. ప్రష్యా 1824లో ప్రతి గిమ్నాజియుం ఏటా ఒక నివేదిక అచ్చువేయాలని ఆదేశించింది, మిగతా సంస్థానాలూ ఆ పద్ధతి పట్టుకున్నాయి. ముందు భాగంలో ఎవరో ఒక అయ్యవారి పరిశోధన వ్యాసం. వెనక భాగంలో తరగతివారీ పాఠ్యాంశాలు, వాడిన పుస్తకాలు, పై అధికారుల ఉత్తర్వులు, పిల్లల సంఖ్య, లైబ్రరీకి చేరిన పుస్తకాలు, ఆబిటూర్ నెగ్గినవాళ్ల వివరాలు. ఈ నివేదికలను బడులు ఒకదానికొకటి పంపుకునేవి. 1876 నుంచి లైప్‌జిగ్‌లోని టాయ్‌బ్నర్ ప్రచురణ సంస్థ ఆ మార్పిడిని ఒకేచోట నుంచి నడిపింది. మారుమూల ఊళ్లో అచ్చయిన వ్యాసం ఏడాది తిరగకుండా దేశంలోని వందల టీచర్ల గదులకు చేరేది. ఈనాటి పరిశోధన పత్రికలకు కొన్నిటికి ఆ పాటి పాఠకులు లేరు.

డూడెన్ తన బడికి తయారుచేసిన స్పెల్లింగు నియమాలు ఆ దారినే ముందు వెలుగు చూశాయి. వాటిని పెంచి 1872లో టాయ్‌బ్నర్ ద్వారానే ‘జర్మన్ స్పెల్లింగు’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేశాడు. చర్చా వ్యాసం, నియమాలు, మాటల పట్టిక అని మూడు భాగాలు. పై తరగతుల పిల్లల కోసం, సొంతంగా నేర్చుకునే పెద్దల కోసం. దాన్నే ‘ష్లైట్స్ డూడెన్’ అని పిలుస్తారు.

1876: మంచి ఉద్దేశం, చెడిన పని

1871లో జర్మనీ ఒక్క సామ్రాజ్యం అయింది. బడులు మాత్రం సంస్థానాల చేతుల్లోనే ఉండిపోయాయి. స్పెల్లింగు నియమాలూ అంతే: హానోఫర్ 1855లో తనవి తాను వేసుకుంది, వ్యుర్టెంబెర్గ్ 1861లో. ఇలా ఎవరి గొడవ వారిదే. దీన్ని సర్దుదామని ప్రష్యా విద్యామంత్రి అడాల్బెర్ట్ ఫాల్క్ 1876 జనవరిలో బెర్లిన్‌లో సమావేశం పిలిచాడు. 14 మంది సభ్యులు. ముసాయిదా రౌమర్‌ది. 1872 పుస్తకం చూసి పిలిచినవాళ్లలో డూడెన్ ఒకడు.

సమావేశం ఎక్కడ తప్పటడుగు వేసిందో చెప్పుకోవాలి, ఎందుకంటే తరవాత డూడెన్ నడిచిన తీరంతా దాని ఫలితమే. దీర్ఘాన్ని చూపే పలకని ‘హెచ్’ను, రెట్టింపు అచ్చులను ‘ఎ’ (a), ‘ఓ’ (o), ‘యూ’ (u)ల దగ్గర తీసేద్దామని, ‘ఇ’ (e), ‘ఐ’ (i) అక్షరాల దగ్గర మాత్రం ఉంచుదామని మెజారిటీ తీర్మానించింది. నిత్యం చూసే మాటలు ఒక్కసారిగా గుర్తుపట్టలేని రూపంలోకి వెళ్లాయి. పైగా సగం అచ్చులకు ఒక పద్ధతి, సగానికి ఇంకొకటి. సంస్కరణ చాలదన్నవాళ్లకూ నచ్చలేదు, అసలు వద్దన్నవాళ్లకూ నచ్చలేదు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఫాల్క్ ఆ తీర్మానాలను అమలు చేయకుండా పక్కనపెట్టాడు. డూడెన్ మాత్రం అదే ఏడాది ‘రేపటి స్పెల్లింగు’ అనే అర్థం వచ్చే పుస్తకం రాసి వాటిని సమర్థించాడు. అప్పటికి ఆయన ఇంకా సంస్కర్తే.

ఆ ఏడాదే హెర్స్‌ఫెల్డ్ గిమ్నాజియుంకు హెడ్‌మాస్టరుగా వెళ్లాడు. 1866 దాకా హెస్సె పాలకులది, ఆ తరవాత ప్రష్యాది ఆ ఊరు. అలా డూడెన్ మళ్లీ ప్రష్యా ఉద్యోగి అయ్యాడు. రిటైరయ్యేదాకా, 29 ఏళ్లు, అక్కడే.

ఒక మార్కు పుస్తకం

బెర్లిన్ సమావేశం విఫలమయ్యాక సంస్థానాలు ఎవరి దారి వారు చూసుకున్నాయి. 1879లో బవేరియా తన బడులకు నియమాలు వేసింది. 1880 జనవరిలో కొత్త విద్యామంత్రి రోబెర్ట్ ఫాన్ పుట్కమర్ ప్రష్యా బడులకు నియమాలు ప్రకటించాడు. వాటిని రాసింది బాన్ ప్రొఫెసరు విల్‌హెల్మ్ విల్మాన్స్. రెండు రాజ్యాల నియమాల మధ్య తేడాలు స్వల్పమే. జాగ్రత్తగా, పాతదాన్ని మరీ కదపకుండా రాసినవి.

వెంటనే చాన్సలర్ బిస్మార్క్ అడ్డుపడ్డాడు. సామ్రాజ్య కార్యాలయాల్లో ఎవరైనా ఈ కొత్త స్పెల్లింగు వాడితే జరిమానా అన్నాడు. దాంతో ప్రష్యాలో బడి ఒకలా, ఆఫీసు ఒకలా రాసే విడ్డూరం ఏర్పడింది. బడిలో మార్కు తెచ్చిన రాతకు ఆఫీసులో జరిమానా.

డూడెన్ చేసిన పని ఇక్కడ చూడాలి. తనకు నచ్చిన మరింత సులువైన స్పెల్లింగును పక్కనపెట్టి, ప్రష్యా-బవేరియా నియమాలను ఉన్నవి ఉన్నట్టు తీసుకున్నాడు. అధికారిక పుస్తకంలో నియమాలు, కొద్దిపాటి మాటల పట్టిక మాత్రమే ఉన్నాయి. నియమం చదివి తన మాటకు అన్వయించుకునే తీరిక గుమస్తాకు గానీ ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడికి గానీ ఉండదు. అందుకని ఆ నియమాలను ఒక్కో మాటకూ తానే అన్వయించి 27,000 మాటలు వరసగా పెట్టాడు. ఈ ఎత్తుగడలోనే పుస్తకం విజయం ఉంది. కొత్త సిద్ధాంతం లేదు కాబట్టి పోట్లాడేందుకు ఎవరికీ ఏమీ దొరకలేదు.

నియమాన్ని అన్వయించడం ఎంత తిరకాసో ‘టీ’ పక్కన ‘హెచ్’ చూస్తే తెలుస్తుంది. 1880 నియమాల ప్రకారం అచ్చు దీర్ఘమో, ‘ఐ’ లాంటి జంట అచ్చో అని ఇతర గుర్తుల ద్వారా ఇప్పటికే తెలుస్తుంటే ఆ ‘హెచ్’ అక్కర్లేదు. కాబట్టి జంతువును చెప్పే ‘టీర్’లో, భాగాన్ని చెప్పే ‘టైల్’లో అది పోయింది. లోయను చెప్పే ‘టాల్’లో, తలుపును చెప్పే ‘ట్యూర్’లో, చేయడం అనే ‘టూన్’లో ఉండిపోయింది. ఇది తర్కంతో పట్టుబడేదే గానీ, ఉత్తరం రాస్తూ మధ్యలో ఆగి తర్కించేవాడు ఉండడు. పుస్తకం తెరిచి మాట చూసుకుంటే పని అయిపోతుంది.

1892లో స్విట్జర్లాండ్ డూడెన్ స్పెల్లింగునే తమ ప్రమాణంగా తీసుకుంది. జర్మనీలో ఒక్క సంతకం కూడా లేని రోజుల్లో పక్క దేశం దాన్ని నెత్తిన పెట్టుకుంది.

హెర్స్‌ఫెల్డ్ రోజులు

ఈ నిఘంటువు పనంతా ఆయన ఉద్యోగం చేస్తూనే చేశాడన్నది గుర్తుపెట్టుకోవాలి. ప్రష్యాలో గిమ్నాజియుం హెడ్‌మాస్టరు రాష్ట్ర స్థాయి పాఠశాల మండలి కింద పనిచేసేవాడు. హెర్స్‌ఫెల్డ్‌కు అది కాసెల్‌లో ఉండేది. కొత్త పాఠ్యపుస్తకం పెట్టాలన్నా ఆ మండలి అనుమతి కావాలి. హెడ్‌మాస్టరు పై తరగతులకు స్వయంగా పాఠాలు చెప్పాలి, మిగతా అయ్యవార్ల తరగతుల్లో కూర్చుని చూడాలి, వ్యాసం నోట్సులు దిద్దిన తీరు పరిశీలించాలి, క్రమశిక్షణ పంచాయతీలు తీర్చాలి, ఏడాది చివర నివేదిక అచ్చు చూసుకోవాలి.

అన్నిటికన్నా బరువైనది ఆబిటూర్. రాతపరీక్ష ప్రశ్నలను బడిలోని టీచర్లే ప్రతిపాదిస్తారు. రాసిన కాగితాలు దిద్ది మండలికి పంపాలి. నోటిపరీక్షకు మండలి ప్రతినిధి అధ్యక్షుడిగా వచ్చి కూర్చుంటాడు. బడి పరువు ఆ రోజు తేలుతుంది. జర్మన్ వ్యాసంలో స్పెల్లింగు తప్పు అంటే ఏమిటో అందరికీ ఒకే అభిప్రాయం లేకపోతే పిల్లవాడికి ఎంత నష్టమో ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడికి తెలుస్తుంది.

1892లో పాఠ్యప్రణాళిక మారింది. రెండేళ్ల ముందు బెర్లిన్‌లో జరిగిన విద్యాసదస్సులో చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ గ్రీకు-లాటిన్ మోత మీద విరుచుకుపడ్డాడు. మనకు కావలసింది జర్మన్ యువకులని ఆయన వాదన. లాటిన్ 77 నుంచి 62కు, గ్రీకు 40 నుంచి 36కు తగ్గాయి. జర్మన్ 21 నుంచి 26కు పెరిగింది. లాటిన్‌లో వ్యాసం రాయించే పరీక్ష పోయింది. సోఫోక్లిస్ మీద డాక్టరేటు తీసుకున్న మనిషి ఈ మార్పును తన బడిలో అమలు చేయించాడు. జర్మన్ వ్యాకరణం మీద, మాటల పుట్టుక మీద కూడా ఆయన పుస్తకాలు తెచ్చాడు. ఫ్రీడ్రిష్ బౌవర్ అనే పాత వ్యాకరణకర్త పుస్తకాన్ని ఏళ్ల తరబడి సవరిస్తూ వచ్చాడు. చాలావరకు బడి అవసరాల చుట్టూ తిరిగిన రాతలే.

1901, ఆ తరవాత ప్రెస్సులు

1901 జూన్ 17 నుంచి 19 దాకా బెర్లిన్‌లో రెండో సమావేశం జరిగింది. డూడెన్‌కు 72 ఏళ్లు. ఈసారి గొడవ లేదు, ఎందుకంటే ఇరవై ఏళ్లుగా ప్రష్యా స్పెల్లింగు బడుల్లో పాతుకుపోయింది; దానికి కొద్దిగా మెరుగులు దిద్ది అందరిచేతా ఒప్పించడమే మిగిలింది. సొంత జర్మన్ మాటల్లో ‘టీ’ పక్కన ‘హెచ్’ పూర్తిగా పోయింది. ‘ఇస్తాడు’ అనే ‘గిప్ట్’లో అదనపు ‘ఇ’ (e) అక్షరం పోయింది. సింహాసనం అనే ‘ట్రోన్’లో మాత్రం ‘హెచ్’ మిగిలింది. చక్రవర్తి తన సింహాసనం జోలికి రావద్దన్నాడని ఒక కథ చెప్పుకుంటారు గానీ, అది గ్రీకు నుంచి వచ్చిన మాట. గ్రీకు మాటల్లో ఆ ‘హెచ్’ మామూలుగానే ఉంచారు, కథ అక్కర్లేదు. 1903 నుంచి జర్మనీ బడుల్లో, కార్యాలయాల్లో ఈ నియమాలు అమలయ్యాయి. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కలిశాయి.

రాజీ కోసం ఆ నియమాలు ఒక లోపాన్ని మిగిల్చాయి. ఎన్నో మాటలకు రెండు రూపాలూ ఒప్పే అన్నాయి, ముఖ్యంగా విదేశీ మాటల్లో ‘సీ’నా, ‘కే’నా, ‘జెడ్’నా అనేచోట. ఉత్తరం రాసేవాడికి ఇది స్వేచ్ఛ, ప్రెస్సువాడికి తలనొప్పి. ఒక పుస్తకాన్ని నలుగురు పేర్చితే నాలుగు రకాలు. ప్రూఫులు చూసేవాడు దిద్దిన చోటే మళ్లీ దిద్దాలి. సీసపు అక్షరాలు పీకి మళ్లీ పేర్చాలి. ఆ కూలీ ఎవరిస్తారు? మూడు దేశాల ముద్రణాలయాల సంఘాలు డూడెన్‌నే అడిగాయి: ఒక్కో మాటకు ఒక్క రూపం తేల్చి ఇవ్వమని. 1903లో ‘ప్రెస్సుల డూడెన్’ వచ్చింది. చదివేవాళ్ల చేతికి వచ్చే పుస్తకం, పత్రిక ఒకే స్పెల్లింగులో రావడం మొదలైంది అప్పటినుంచే. నా లెక్కలో బెర్లిన్ సమావేశం కన్నా ఇదే పెద్ద మలుపు. జనం నియమాల పుస్తకం చదివి రాత నేర్చుకోరు, అచ్చులో చూసిందే రాస్తారు.

1905లో, 76వ ఏట, డూడెన్ రిటైరయ్యాడు. హెడ్‌మాస్టరుగా 36 ఏళ్లు అయ్యాయి. వీస్‌బాడెన్ పక్కన జొన్నెన్‌బెర్గ్‌లో స్థిరపడి, అక్కడా పని ఆపకుండా, 1911 ఆగస్టు 1న పోయాడు. భౌతికకాయాన్ని హెర్స్‌ఫెల్డ్‌కు తెచ్చి కుటుంబ సమాధిలో ఖననం చేశారు.

మామూలు నిఘంటువు, ప్రెస్సుల నిఘంటువు రెండూ వేర్వేరుగా ఉండటం అయోమయం తెచ్చింది. 1915లో తొమ్మిదో కూర్పుగా రెంటినీ కలిపారు. ‘డూడెన్’ అనే మాట పుస్తకం పేరులోకి ఎక్కింది అప్పుడే. రెండో ప్రపంచ యుద్ధం తరవాత జర్మనీ రెండుగా చీలితే డూడెన్ కూడా చీలింది: తూర్పున లైప్‌జిగ్ కూర్పు, పడమర మాన్‌హైమ్ కూర్పు. 1991లో మళ్లీ ఒకటయ్యాయి. పశ్చిమ జర్మనీ విద్యామంత్రుల మండలి 1955లో ఒక తీర్మానం చేసింది. అనుమానం వచ్చినచోట డూడెన్‌లో ఉన్నదే ప్రమాణమని. డూడెన్‌కు అధికారిక హోదా వచ్చింది అలా. 1996లో జర్మన్ మాట్లాడే దేశాలు కొత్త స్పెల్లింగు ఒప్పందం చేసుకోవడంతో ఆ హోదా పోయింది. 2004లో ఏర్పడిన జర్మన్ స్పెల్లింగు మండలి ఇప్పుడు నియమాలు చూస్తోంది. డూడెన్ వాటిని అన్వయించి మాటలు చూపిస్తుంది. అంటే 1880లో హెర్స్‌ఫెల్డ్ హెడ్‌మాస్టరు చేసిన పనే.

హైదరాబాదులోనో విజయవాడలోనో జర్మన్ నేర్చుకుంటూ పాత పుస్తకాల అంగడిలో డూడెన్ కొనేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. 1996కు ముందు అచ్చయినదైతే ‘దస్’ అనే సముచ్చయం చివర ‘ఎస్‌త్సెట్’ (ß) అనే జంట అక్షరం ఉంటుంది. ఇప్పుడు అక్కడ రెండు ‘ఎస్’లు రాయాలి. హ్రస్వం తరవాత రెండు ‘ఎస్’లు, దీర్ఘం తరవాత ఎస్‌త్సెట్ అన్నది కొత్త పద్ధతి. 1996కూ 2006కూ మధ్య వచ్చిన కూర్పుల్లో మాటలు కలిపి రాయాలా విడదీసి రాయాలా అనేచోట కొన్ని మళ్లీ మారాయి. 2006 ఆగస్టు తరవాతి కూర్పు తీసుకుంటే పరీక్షకు ఇబ్బంది తక్కువ. స్విట్జర్లాండ్ వెళ్లేవాళ్లు ఎస్‌త్సెట్‌ను అసలే మర్చిపోవచ్చు, అక్కడ ఇప్పుడు అన్నిచోట్లా రెండు ‘ఎస్’లే.